మన మాటకి తీర్పరి ఎవరు?

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో తెలుగు గ్రంథాలయ సభ్యుల ఆదివారం సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకి, అమ్మలకి, అక్కచెల్లెళ్ళకి, కాలేజీ నుంచి వచ్చిన తమ్ముళ్ళకి నమస్కారం. కాశీనగర్ నుంచి, గుణుపూర్ నుంచి, అటు పాతపట్నం నుంచి బస్సు పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. మీకు ప్రత్యేకంగా నమస్కారం. వెనకవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

సోషల్ మీడియాలో జనం మాట్లాడే మాటను ఎవరు అదుపు చెయ్యాలి? ఇదీ నాకిచ్చిన విషయం. ప్రభుత్వం చెయ్యాలా, ఆ కంపెనీలే చెయ్యాలా, కోర్టులు చెయ్యాలా, లేక ఎవరూ చెయ్యకూడదా? టీవీలో ఈ చర్చ రోజూ నడుస్తోంది. ప్రభుత్వం వైపువాళ్ళు కొందరు, కంపెనీల వైపువాళ్ళు కొందరు కూర్చుని అరుచుకుంటారు. మన సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు. మన సంగతి అంటే మన సరిహద్దువాళ్ళ సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండవాళ్ళ సవర భాష, ఫోన్‌లో ఈ మూడూ కలిసిన మాట. ఆ మాటకి తీర్పరి ఎవరు? నేను ఆ వైపు నుంచే మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ అధికారం ఎవరి చేతిలో పెట్టినా వాళ్ళకి రెండు అర్హతలుండాలి. మనం మాట్లాడే భాష వాళ్ళకి రావాలి. ఈ పోస్టు ఎందుకు తీశారు, ఆ పోస్టు ఎందుకు ఉంచారు అని మనం అడిగితే జవాబు చెప్పి తీరాల్సిన బాధ్యత వాళ్ళ మీద ఉండాలి. భాషా రావాలి, జవాబూ చెప్పాలి. ఈ రెండూ లేనివాళ్ళు ఢిల్లీలో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా మనకి ఒకటే.

ఎందుకంటున్నానో ఒక కేసు చెబుతాను. నా దగ్గరికి వచ్చిన కేసే. పేరు చెప్పను, ఊరు చెప్పను, మీరూ ఊహించే ప్రయత్నం చెయ్యకండి. డిగ్రీ చదువుతున్న ఆడపిల్ల. ఆ అమ్మాయి ఫోటోలు తీసుకుని, ఆమె పేరుతోనే ఎవడో ఒక దొంగ అకౌంటు తెరిచాడు. ఫోటోల కింద రాతలు. ఆ రాతలు తెలుగులో ఉన్నాయి, కానీ ఒడియా అక్షరాల్లో ఉన్నాయి. ఇది మనకి కొత్త కాదు కదా? ఒడియా మీడియంలో చదువుకున్న మన పిల్లలు ఎంతమంది అలా రాసుకోవడం లేదు? అమ్మకి మెసేజ్ పెట్టాలన్నా మాట తెలుగు, అక్షరం ఒడియా. అందులో తప్పేమీ లేదు. ఆ దొంగకీ అదే అలవాటు. రాసినవన్నీ చెవిన వేసుకోలేని బూతులు.

అమ్మాయి స్నేహితులందరూ రిపోర్ట్ కొట్టారు. మర్నాటికి జవాబు వచ్చింది, ఇంగ్లీషులో. పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు, కావాలంటే ఆ అకౌంటును బ్లాక్ చేసుకోండి అని. కనిపించకపోవడానికి కారణం మీకు అర్థమైంది కదా? అక్షరాలు ఒడియా కాబట్టి ఒడియా అనుకుని చూస్తే అందులో ఒక్క ముక్కకీ అర్థం లేదు. తెలుగు వెతికే చూపుకి తెలుగు అక్షరం ఒక్కటీ కనపడదు. చూసింది మిషనో మనిషో నేను చెప్పలేను. ఎవరు చూసినా ఆ పిల్లకి న్యాయం జరగలేదు.

సరే, తండ్రి పోలీసు స్టేషన్‌కి వెళ్ళాడు, మొదట ఇక్కడి స్టేషన్‌కి. డ్యూటీలో ఉన్న ఆయన మంచివాడే, కూర్చోబెట్టాడు, ఫోన్ తీసుకుని గడగడా చదివాడు. చదివాడు గానీ అర్థం కాలేదు. ఆయనది పశ్చిమ ఒడిశా, తెలుగు రాదు. నిందితుడు ఆంధ్ర వైపు కుర్రాడని అనుమానం ఉంది కాబట్టి సరిహద్దు దాటి అటు స్టేషన్‌కి వెళ్ళమన్నారు. అక్కడి కానిస్టేబుల్‌కి తెలుగు వచ్చు, ఒడియా అక్షరం రాదు. చదవగలిగినాయనకి అర్థం కాలేదు, అర్థం చేసుకోగలిగినాయనకి చదవడం రాలేదు. చివరికి ఆ తండ్రే, తన కూతురి గురించి రాసిన ఆ మాటలన్నీ, పదిమంది తిరుగుతున్న స్టేషన్‌లో, పైకి చదివి వినిపించాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆ మనిషి నా దగ్గరికి వచ్చి, "ఏటి బాబూ, ఇంతకీ మాం ఎవరికి చెప్పుకోవాలి?" అన్నాడు. ఇవాళ మనం మాట్లాడుకుంటున్న విషయం మొత్తం ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆయనకి నేను చెప్పిందే మీకూ చెబుతాను, రాసుకోండి, ఉపయోగపడుతుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌లో ఉంది. మా పరిధి కాదు అని పంపెయ్యడానికి లేదు. రెండోది, కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన ఐ.టి. నియమాలు. మన నగ్న చిత్రాలు పెట్టినా, మన పేరుతో వేషం కట్టినా, మన ఫోటో మార్ఫింగ్ చేసినా, బాధితులు గానీ వాళ్ళ తరఫున ఇంకెవరైనా గానీ ఫిర్యాదు చేస్తే కంపెనీ దాన్ని తీసెయ్యాలి. గడువు మొదట 24 గంటలు, 2026 ఫిబ్రవరి నుంచి 2 గంటలు. రూల్ 3(2)(బి). ఆ నెంబరు వేసి, ఇంగ్లీషులో టైప్ చేసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి పంపాం. తీసేశారు. తీసేసినందుకు సంతోషమే. కానీ ఆ నెంబరు తెలియని తండ్రులు ఎంతమంది ఉంటారు? ఇంగ్లీషులో అర్జీ రాయించుకోలేని తల్లులు ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. తమ్ముళ్ళూ, పరీక్షలకి చదువుతున్నవాళ్ళు ఉన్నారు కదా, మీకిది బాగా తెలుసు. రాజ్యాంగం 19(1)(ఎ) మనకి మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. 19(2) దానికి హద్దులు పెట్టింది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం. ఇంతే. ఈ జాబితాలో లేని కారణంతో మన నోరు మూయించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. పెద్దమనిషికి కోపం వచ్చిందన్నది ఈ జాబితాలో లేదు. నాయకుడి మనసు నొచ్చుకుందన్నదీ లేదు.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే, 1950లో, ఒక పెద్ద కేసు వచ్చింది. బొంబాయి నుంచి వచ్చే ఒక వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. రొమేశ్ థాపర్ కేసు. అప్పటికి మన శ్రీకాకుళం వైపంతా మద్రాసు రాష్ట్రమే. ఆ నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేసిన మరుసటి ఏడాదే రాజ్యాంగాన్ని సవరించి ప్రభుత్వం హద్దులు పెంచుకుంది. అప్పుడు పత్రిక, ఇప్పుడు ఫోన్. వస్తువు మారింది గానీ ప్రభుత్వానికి నోరు నొక్కాలనిపించడం మారలేదు. ఏ పార్టీ ప్రభుత్వమని నేను అనడం లేదు, అందరికీ అనిపిస్తుంది.

66ఎ సంగతి చూడండి. ఐ.టి. చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన సెక్షన్. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో పంపిన సందేశం ఎవరికైనా చిరాకు కలిగిస్తే, అసౌకర్యం కలిగిస్తే మూడేళ్ళ దాకా జైలు. చిరాకు అంటే ఏమిటి? ఎవరి చిరాకు? చట్టంలో చెప్పలేదు. 2012 నవంబరులో మహారాష్ట్రలో, పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే పోయినప్పుడు ఊరంతా ఎందుకు మూసెయ్యాలని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. లైక్ కొట్టినందుకు కూడా అరెస్టు! తర్వాత శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఎని మొత్తంగా కొట్టేసింది. ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు. తీర్పు రాసింది నారిమన్ గారు, రెండోవారు మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్ గారు. మన తెలుగువాళ్ళు తలెత్తుకుని చెప్పుకోదగ్గ తీర్పు అది.

మరి కొట్టేశాక ఏం జరిగింది? పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి పెట్టారు. చచ్చిపోయిన సెక్షన్ కింద! దాని కింద ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. తీర్పు ఢిల్లీలో వచ్చినంత మాత్రాన స్టేషన్‌కి చేరదు. ఈ మాట నేను నల్లకోటు వేసుకుని కోర్టుల చుట్టూ తిరిగే మనిషిగా చెబుతున్నాను.

ఆ తీర్పులోనే ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఎవరో ఫిర్యాదు చేశారని కంపెనీ తనంతట తాను న్యాయమూర్తిలా కూర్చుని ఇది చట్టవిరుద్ధం, అది చట్టవిరుద్ధం అని తేల్చక్కర్లేదు. కోర్టు ఉత్తర్వు గానీ, 19(2) హద్దుల్లో ఉన్న ప్రభుత్వ ఉత్తర్వు గానీ వచ్చినప్పుడు తీస్తే చాలు. నాకు చాలా నచ్చిన మాట అది. ఎందుకంటే తప్పో ఒప్పో తేల్చడమనేది న్యాయవిచారణ. అది కంపెనీ గుమాస్తా చేసే పని కాదు, మంత్రిగారి పేషీ చేసే పనీ కాదు.

కానీ ఇవాళ నడుస్తున్న తీరు వేరు. ఐ.టి. చట్టం 69ఎ సెక్షన్ కింద ప్రభుత్వం వెబ్‌సైట్లను, అకౌంట్లను, పోస్టులను ఆపమనవచ్చు. ఆ పద్ధతికి 2009లో రాసిన నియమాల్లో 16వ నియమం ఏమంటుందంటే, ఆ ఫిర్యాదులూ ఉత్తర్వులూ అన్నీ రహస్యంగా ఉంచాలి. రహస్యం! నా పోస్టు ఆపితే, ఎందుకు ఆపారో నాకే తెలియదు. తెలియకపోతే నేను ఏ కోర్టుకి వెళ్ళాలి, ఏమని వాదించాలి? ఉరిశిక్ష పడ్డ ముద్దాయికి కూడా తీర్పు కాపీ ఇస్తామే, పోస్టు రాసినవాడికి ఎందుకు ఇవ్వం? ఆ పైన సహయోగ్ అని ఒక పోర్టల్ వచ్చింది. దాని ద్వారా ప్రభుత్వ అధికారులు నేరుగా కంపెనీలకి తొలగింపు నోటీసులు పంపుతారు. ఎక్స్ కంపెనీ, అంటే పాత ట్విట్టర్, దాన్ని కర్ణాటక హైకోర్టులో సవాలు చేస్తే 2025 సెప్టెంబరులో కోర్టు ఆ కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది. కోర్టు తీర్పును గౌరవిస్తాను. గౌరవిస్తూనే, ఈ పద్ధతి నాకు సమ్మతం కాదని కూడా చెబుతాను. నోటీసు పంపే అధికారే అది తప్పని తేల్చడం, ఫిర్యాది తానే, తీర్పరి తానే కావడం, ఇది ఏ పంచాయతీలోనైనా ఒప్పుకుంటామా?

ప్రభుత్వం గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో ప్రభుత్వమే నియమించిన ఫ్యాక్ట్ చెక్ విభాగం తేల్చాలని 2023లో ఒక నియమం తెచ్చారు. దాన్ని బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. ముందు ఇద్దరు న్యాయమూర్తులు చెరో అభిప్రాయం చెబితే, మూడో న్యాయమూర్తి చందూర్కర్ గారు తేల్చారు. ఇది మంచి తీర్పు. తన మీద వచ్చిన విమర్శ నిజమో అబద్ధమో తానే చెప్పే హక్కు ఎవరికీ ఉండకూడదు.

అయితే ప్రభుత్వాన్ని పక్కన పెట్టి కంపెనీలకే వదిలేద్దామా? కొంతమంది చదువుకున్న మిత్రులు అలాగే అంటారు. వాళ్ళ దుకాణం, వాళ్ళ నియమాలు, నచ్చకపోతే మానెయ్యండి అంటారు. ఒప్పుకోను. నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకోను.

బర్మా చూడండి, మయన్మార్. రోహింగ్యాల మీద విద్వేషం ఫేస్‌బుక్‌లో ఏళ్ళ తరబడి పొంగింది. 2015 మొదట్లో అక్కడి పోస్టులను చూసే సిబ్బందిలో బర్మా భాష వచ్చినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరేనని రాయిటర్స్ 2018లో బయటపెట్టింది. దేశం మొత్తానికి ఇద్దరు! ఏడు లక్షల మందికి పైగా జనం ఊళ్ళు వదిలి బంగ్లాదేశ్‌కి పారిపోయారు. దాంట్లో ఫేస్‌బుక్ పాత్ర ఉందని ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. హింసను రెచ్చగొట్టడానికి తన వేదికను వాడకుండా ఆపడంలో తగినంత చెయ్యలేదని ఆ కంపెనీ కూడా 2018 నవంబరులో ఒప్పుకుంది. భాష రాని తీర్పరి ఎంత పని చేస్తాడో దీనికంటే పెద్ద సాక్ష్యం కావాలా?

2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే ఉద్యోగిని ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టింది. తప్పుడు సమాచారాన్ని పట్టుకోవడానికి కేటాయించిన దాంట్లో 87 శాతం ఒక్క అమెరికాకే పోతోందని వాటిలో ఉంది. మిగతా ప్రపంచమంతటికీ 13. ఆ పదమూడులో ఇండియా ఎంత, ఇండియాలో తెలుగు ఎంత, తెలుగులో మన సరిహద్దు తెలుగు ఎంత? మీరే లెక్క వేసుకోండి.

ఇంకొకటి. యజమాని మారితే నియమాలు మారిపోతాయి. 2022 అక్టోబరులో ట్విట్టర్‌ని ఎలాన్ మస్క్ కొన్నాడు. వారం తిరిగేసరికి సిబ్బందిలో దాదాపు సగం మందిని తీసేశాడు. 2025 జనవరిలో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ అమెరికాలో ఫ్యాక్ట్ చెకింగ్ సంస్థలతో పని ఆపేస్తామంది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కోట్లమంది మాట్లాడుకునే చోట నియమాన్ని ఒక్క మనిషి ఒక్క ఉదయం మార్చెయ్యగలగడం ఉందే, అదీ నా అభ్యంతరం. మనం ఓటేసి ఎన్నుకున్నామా ఆయన్ని?

వాళ్ళ దుకాణం అన్నారు కదా, ఆ మాటకి జవాబు చెబుతాను. ఇది దుకాణం కాదు, సంత. సంత స్థలం యజమానిదే, కాదనను. కానీ ఆ యజమాని ఎవరి చుట్టూ జనం మూగుతున్నారో చూసి వాడి చేతికే మైకు ఇస్తున్నాడు. బూతులు తిట్టేవాడి చుట్టూ జనం ఎక్కువ మూగుతారు కాబట్టి వాడికే మైకు. జనం ఎక్కువసేపు నిలబడితే యజమానికి ప్రకటనల డబ్బు. అలాంటప్పుడు, మాట అన్నది నేను కాదు, స్థలం ఇచ్చానంతే అని తప్పించుకోవడానికి ఎలా కుదురుతుంది?

అందుకే నేను మాటకీ మైకుకీ తేడా చూడమంటాను. ప్రతి మాటనీ తూచడం ఎవరి వల్లా కాదు, అక్కర్లేదు కూడా. మాట ఎంత వేగంగా, ఎంత దూరం పోతోందన్నది కంపెనీ చేతిలో ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు వచ్చాయి, గుర్తుందా? మన వైపు కూడా వచ్చాయి. రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాసిన ఊళ్ళున్నాయి. 2018 జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో, సంతరోజు, బతుకుతెరువు కోసం వచ్చిన సంచార కులంవాళ్ళను అయిదుగురిని కొట్టి చంపేశారు. ఆ తర్వాత ఆ నెలలోనే వాట్సాప్ ఒక పని చేసింది. మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారి వచ్చిన సందేశాన్నయితే ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. ఎవరి మాటనీ చదవలేదు, ఎవరి నోరూ మూయలేదు, వేగం తగ్గించారు. అంత చిన్న పని చెయ్యడానికి అన్ని ప్రాణాలు పోవాలా?

అదే 2018లో తెలంగాణ గద్వాలలో ఏం చేశారో కూడా చెప్పాలి. అప్పటి ఎస్.పి. రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు వాయించి, పాటలు కట్టి, ఇవి అబద్ధపు మెసేజ్‌లు, నమ్మకండి అని తెలుగులోనే చెప్పించారు. వాళ్ళ భాషలో, వాళ్ళ రచ్చబండ దగ్గర. నెట్టు ఆపలేదు, ఎవరి అకౌంటూ మూయలేదు. ఆ ప్రాంతంలో ప్రాణాలు పోలేదు.

మన ఒడిశాలో ఏం చేస్తున్నారు? గొడవ వస్తే నెట్టు కట్టేస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో సంబల్‌పూర్, 2024 జూన్‌లో బాలాసోర్, 2025 అక్టోబరులో కటక్. శాంతిభద్రతల కోసమే అంటారు. నేను ఆ ఇబ్బందిని తక్కువ చెయ్యను, రాళ్ళు పడుతున్నప్పుడు కలెక్టరు స్థానంలో కూర్చుంటే తెలుస్తుంది. కానీ వదంతి పుట్టించిన నలుగురి కోసం లక్షలమంది నోరు నొక్కితే, వదంతి అబద్ధమని చెప్పేవాడి నోరు కూడా నొక్కినట్టే కదా? ఫోన్‌పే మీద బతికే కూరగాయల అమ్మి ఆ రోజు ఏం తినాలి? నెట్టు ఆపిన ఉత్తర్వులను తప్పనిసరిగా బయటపెట్టాలని అనురాధా భసీన్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటపెట్టాలి, అంటే అడిగేవాడికి జవాబుండాలి.

ఇప్పుడు భాష సంగతి మళ్ళీ ఎత్తుతాను, అసలు విషయం అదే కాబట్టి. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం అని ఒకటి తెచ్చారు, 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. దాని ప్రకారం పెద్ద కంపెనీలు, మా దగ్గర పోస్టులను పరిశీలించేవాళ్ళు ఏ భాషకి ఎంతమంది ఉన్నారు అని లెక్క బయటపెట్టాలి. యూరోపియన్ యూనియన్‌కి 24 అధికార భాషలు. మాల్టా అనే చిన్న దేశం ఉంది, జనాభా ఆరు లక్షల లోపు. వాళ్ళ భాషకి కూడా లెక్క చెప్పాలి. చట్టం మీరితే ప్రపంచవ్యాప్త ఆదాయంలో 6 శాతం దాకా జరిమానా. మనవాళ్ళు 2011 లెక్కల్లోనే 8 కోట్ల పైచిలుకు. తెలుగుకి మీ దగ్గర ఎంతమంది ఉన్నారు అని ఆ కంపెనీల చేత చెప్పించే నియమం మన దేశంలో ఎందుకు లేదు? మాల్టావాడు అడగగలిగినది మనం ఎందుకు అడగలేం?

తెలుగుకైనా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అండ ఉంది. కంపెనీ నియమాలను ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో గానీ అందుబాటులో ఉంచాలని 2022లో సవరించారు. ఒడియా ఉంది, సంతాలీ ఉంది. సవర లేదు. కువి లేదు, కుయి లేదు, కోయ లేదు, అన్నీ గిరిజనుల భాషలే. మన గజపతి జిల్లా కొండల్లో సవర కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవా? వాళ్ళ ఆడపిల్లల ఫోటోలు ఎవడూ పెట్టడా? వాళ్ళ భాషలో ఒక బెదిరింపు వస్తే ఎవరు చదువుతారు?

ఈ ఊళ్ళో నిలబడి ఈ మాట అంటున్నప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారిని తలవకుండా ఎలా ఉంటాను? ఈ పర్లాకిమిడిలోనే కదా ఆయన పాఠాలు చెప్పింది. సవర పిల్లలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు ఆయన ఏం చేశారు? సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఏళ్ళు పట్టింది. వాళ్ళ భాషలో వాచకాలు రాశారు, నిఘంటువు తయారు చేశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు, అది వేరే కథ. ఒక బడిపంతులు, జీతం రాళ్ళతో బతికే మనిషి, నూరేళ్ళ కిందట చేసిన పనిని లక్షల కోట్ల కంపెనీలు చెయ్యలేమంటే నేను నమ్మను. చెయ్యలేక కాదు, చెయ్యమని గట్టిగా చెప్పేవాళ్ళు లేక.

దేశభాషల మీద పెత్తనం గురించి ఒక్క పాత సంగతి. 1878లో లిట్టన్ దొర దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు, దేశభాషల్లో రాసేవాళ్ళ మీదే కత్తి. దాన్ని తప్పించుకోవడానికి అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రి ఇంగ్లీషు పత్రికగా మారిపోయింది. తర్వాత రిప్పన్ దొర దాన్ని రద్దు చేశాడు. మన బెజవాడలో 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని తెలుగు పత్రికలో రాసిన రాతకే రాజద్రోహం కేసు పెట్టి జైల్లో వేశారు. అప్పుడు శిక్షించడానికి మాత్రం మన భాషను శ్రద్ధగా చదివించుకున్నారు. ఇప్పుడు మనల్ని కాపాడాల్సి వచ్చినప్పుడు చదివేవాళ్ళు లేరు. నా బాధ అది.

సరే, విమర్శ చాలు, ఏం కావాలో చెప్పమంటారు. చెబుతాను.

చట్టవిరుద్ధమా కాదా తేల్చేది న్యాయస్థానం గానీ, ప్రభుత్వం చేతిలో లేని స్వతంత్ర ట్రిబ్యునల్ గానీ కావాలి. అత్యవసరమైతే, రేపు ఊళ్ళు తగలబడతాయి అనే పరిస్థితి అయితే, ప్రభుత్వం తాత్కాలికంగా ఆపమనవచ్చు, కాదనను. కానీ గడువులోపల ఆ ఉత్తర్వును న్యాయమూర్తి ముందు పెట్టాలి, రాసినవాడికి కాపీ ఇవ్వాలి. రహస్యం పనికిరాదు. పోలీసులు కూడా చటుక్కున కేసు కట్టకూడదు. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మాటకి సంబంధించిన ఇలాంటి కేసుల్లో ముందు ప్రాథమిక విచారణ చేసుకోండి, ఆ మాటను ధైర్యం ఉన్న మామూలు మనిషి ఎలా తీసుకుంటాడో ఆలోచించండి, ప్రతిదానికీ ఉలిక్కిపడే మనిషి కళ్ళతో చూడకండి అంది.

అప్పీలు సంగతి. 2023 నుంచి మూడు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలు పనిచేస్తున్నాయి. కంపెనీ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో వాళ్ళకి అప్పీలు చేసుకోవచ్చు, అంతా ఆన్‌లైన్‌లోనే. ఇది మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా. ఉన్నదే ఎవరికీ తెలియదు. అయితే ఆ కమిటీలను నియమించేది కేంద్ర ప్రభుత్వం, అధ్యక్షులుగా పెట్టింది కేంద్ర శాఖల అధికారులను. అది మారాలి. రిటైర్డు న్యాయమూర్తులు, భాషలు తెలిసినవాళ్ళు, పత్రికల్లో పనిచేసినవాళ్ళు కూర్చోవాలి. తెలుగులో రాసిన అర్జీ, ఒడియాలో రాసిన అర్జీ అక్కడ చెల్లాలి. నోటితో సవరలో చెప్పి రికార్డు చేసి పంపినా చెల్లాలి.

కంపెనీల మీద పెట్టాల్సినది భాషల లెక్క. ఏ భాషకి ఎంతమంది, ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని తీశారు, ఎన్ని తిరస్కరించారు, జిల్లా స్థాయికి కాకపోయినా రాష్ట్ర స్థాయికైనా చెప్పాలి. తెలుగు మాటను ఒడియా అక్షరాల్లో రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా చదవగలిగే మనుషులు ఉండాలి. అలాంటి పిల్లలు మన దగ్గర లేరా? ఈ హాల్లోనే ఉన్నారు. రెండు లిపులూ వచ్చి, మూడు భాషలు మాట్లాడే పిల్లలు డిగ్రీ చదివి ఉద్యోగం లేక సూరత్‌కి, హైదరాబాద్‌కి పోతున్నారు. ఆ పని ఇక్కడ పెట్టండి, మన పిల్లలకి ఇవ్వండి.

ఈ విషయాలన్నీ అర్జీగా రాశాం. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో మూడు ప్రతులు. సవరలో రాయించడానికి ఒక ఉపాధ్యాయుడు ఒప్పుకున్నారు. బయట టేబుల్ మీద ఉంది. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. కేంద్ర ఐ.టి. మంత్రిత్వ శాఖకి, మన ఎం.పి.కి, అటు శ్రీకాకుళం ఎం.పి.కి పంపుతాం.

ఇక్కడ ఒక తమ్ముడు చీటీ పంపాడు. గ్రూప్ అడ్మిన్‌ని నేను, ఎవరైనా తప్పుడు పోస్టు పెడితే నా మీద కేసు అవుతుందా అని. చాలామందికి ఉన్న భయమే ఇది, మంచి ప్రశ్న. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడు పెట్టినదానికి నువ్వు బాధ్యుడివి కావు. నీకూ అతనికీ కలిసి ఆలోచన ఉంటే, నువ్వే పురిగొల్పితే అది వేరు. ఇవి వేరే రాష్ట్రాల హైకోర్టులు కాబట్టి మన స్టేషన్‌లో వాళ్ళకి తెలియకపోవచ్చు. ఆ రెండు తీర్పుల కాపీలు నా దగ్గర ఉన్నాయి, కావాల్సినవాళ్ళు జిరాక్స్ తీసుకోండి. ఇంకా రెండు చీటీలు ఉన్నాయి, అవి కేసుల్లో ఉన్న విషయాలు, మైకులో చెప్పను. ఆ ఇద్దరూ సభ అయ్యాక నన్ను కలవండి.